తూనీగ మీద నిఘా

మా చెల్లెలి భర్తను అందరూ తూనీగ అంటారు. డ్రోన్ కొన్నాక వచ్చిన పేరనుకుంటారు చాలామంది. కాదు, అంతకు పదేళ్ల ముందే నేను పెట్టాను. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు అరగంటలో మూడు కుర్చీలు మారాడు. రెండుసార్లు కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ మెడ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. సన్నటి ఒళ్లు, మొహంలో సగం కళ్లజోడు. కుదురు లేని మనిషి మీద నాకు నమ్మకం కుదరదు. ఇతను ఏదో దాస్తున్నాడని వంటింట్లోకి వెళ్లి అమ్మతో చెప్పాను. దాస్తున్నది భయమనీ, యూనిఫారం కూడా విప్పకుండా నేను ఎదురుగా కూచుంటే ఎవరికైనా అలాగే ఉంటుందనీ అమ్మ నన్నే కసిరింది.

నేను అడవిలో బీటు గార్డుని, అంటే నాకు అప్పగించిన అడవి ముక్కకి కాపలా. ముప్ఫై మూడేళ్ల సర్వీసు. ఉద్యోగంలో చేరిన రోజు బూట్లు, టోపీ, విజిలు ఇచ్చారు. వాటితో పాటే అనుమానం కూడా ఇచ్చారని నేను అనుకుంటాను. బూట్లు మూడేళ్లకోసారి మార్చారు గానీ అనుమానం మాత్రం మొదట ఇచ్చిందే, ఇంతవరకూ అరగలేదు. ఎవడైనా ఆవులిస్తే పేగులు లెక్కపెడతానని మా చెల్లెలు అంటుంది. లెక్కపెట్టి రెండు తక్కువున్నాయని కేసు రాస్తానని కూడా అంటుంది. ఈ మధ్య నన్ను బీటు నుంచి తప్పించి చెక్‌గేటు దగ్గర కూచోబెట్టారు. వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోవడమే పని. బోలెడంత తీరిక. ఆ తీరికలో తూనీగ గురించి ఉన్నది ఉన్నట్టు రాద్దామనిపించింది.

అతను పెళ్లిళ్లకు వీడియోలు తీసే షాపులో పెరిగాడు. మొదటి నాలుగేళ్లు లైటు పట్టుకున్నాడు, ఆ తర్వాత నిచ్చెన ఎక్కి కెమెరా పట్టుకున్నాడు. డ్రోన్లు వచ్చాక షాపు యజమాని ఒకటి కొని ఇతని చేతిలో పెట్టాడు. రెండో పెళ్లిలోనే అది కాస్త కిందికి దిగి, పెళ్లికొడుకు మేనమామ విగ్గును గాలికి లేపేసింది. ఆ వీడియో ఆ ఇంట్లోవాళ్లకి తప్ప అందరికీ చేరింది. అయినా అతని అసలు జబ్బు అది కాదు. హాలు పైకప్పు మీద ఏ పావురమో వాలితే చాలు, పెళ్లికూతురిని వదిలేసి దాని వెంట పోయేవాడు. తమ పెళ్లి వీడియోలో పావురాలే ఎక్కువున్నాయని ఒకాయన షాపుకొచ్చి పోట్లాడాడు. ఆ పావురాల ముక్కే ఎలా తిరిగి ఎవరి కంట పడిందో, అడవుల మీద సినిమాలు తీసే ఒక కంపెనీవాళ్లు ఇతన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒక డేగ గూడును గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్లలు ఎగిరే రోజు దాకా ఆకాశం నుంచి చిత్రీకరించి ఇవ్వాలన్నారు. నచ్చితే ఏడాది పొడుగునా పని ఉంటుందని కూడా చెప్పారు.

ఆ వార్త చెప్పడానికి ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చారు. చెల్లెలి మొహం వెలిగిపోతోంది. అతను ఆ రోజు ఒకే కుర్చీలో కూచున్నాడు. షాపుకి సెలవు చెప్పేశాననీ, సొంతానికి ఒక డ్రోన్ కొన్నాననీ అన్నాడు. ఏ గూడు అని అడిగాను. మా బీటులోదేనన్నాడు.

ఆ గూడు నా ప్రాణం. పదకొండేళ్లుగా అదే జంట, అదే చెట్టు. ముందటి సంవత్సరం పక్క బీటులో ఒక డేగ గూట్లోంచి పిల్లల్ని ఎత్తుకుపోయారు. పెంచి వేట నేర్పి అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. దొంగ దొరకలేదు. అది లోపలివాళ్లు ఎవరో చెబితే జరిగిన పనేనని గార్డులందరం గట్టిగా నమ్మాం. ఈసారి నా బీటు వంతు వస్తుందని తెలిసి కళ్లలో వత్తులు వేసుకుని కూచుంటే, ఈయనగారు ఎగిరే కెమెరా పట్టుకుని గూటి అడ్రసు అడుగుతున్నాడు.

పర్మిట్టు ఇచ్చింది మా రేంజరు మేడమ్. నాకంటే ఇరవై రెండేళ్లు చిన్నది, మాట తక్కువ. మీ బంధువే కదా, మీరే ఓ కంట కనిపెట్టండి అంది. ఒక కంట ఎందుకు, రెండు కళ్లూ పెట్టాను.

మొదటి వారంలోనే అనుమానాలు పుట్ట పగిలినట్టు బయటికొచ్చాయి. అతను ఏ రోజూ ఒకే చోటి నుంచి డ్రోన్ ఎగరేసేవాడు కాదు. ఒక రోజు రాళ్లగుట్ట దగ్గర, ఒక రోజు పాత కట్టెల డిపో వెనక, ఒక రోజు వాగు అవతల. ఎప్పుడూ గూటికి కనీసం అర కిలోమీటరు దూరంలో ఉండేవాడు. తప్పు చేయనివాడికి రోజుకో చోటు ఎందుకు? ఒక చలి పొద్దున చూస్తే చొక్కా లోపల రెండు వైపులా ఉబ్బెత్తుగా ఏవో ఉన్నాయి. గుడ్లే అనుకున్నాను. చెల్లెలి భర్త అని కూడా చూడకుండా చొక్కా విప్పించాను. లోపల నాలుగు బ్యాటరీలున్నాయి. చలికి వాటి బలం పోతుందట, ఒంటి వేడి తగలాలట. బొత్తాలు పెట్టుకుంటూ అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బ్యాటరీలు దాచగలిగినవాడు గుడ్లు దాచలేడా అని పుస్తకంలో రాసుకున్నాను.

ఇంకో రోజు టీ కొట్టు వెనక నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. గుడ్లు రెండూ బాగున్నాయి, వచ్చే నెలకి పిల్లలు చేతికొస్తాయి అంటున్నాడు. సినిమా కంపెనీవాళ్లతో అన్నాడట. చేతికి రావడమేమిటో నాకర్థం కాలేదు. ఆ పక్కనే ఒక తెల్ల కారు ఆగి ఉంది, అందులోని మనిషి అతనికి చెయ్యి ఊపాడు. ఆ కారు సంగతి ఇప్పటికీ తేలలేదు. గేటు దగ్గర కూచుని ఆ నంబరు కోసం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

గుడ్లు పగిలి రెండు పిల్లలు బయటికి వచ్చిన రోజు నేనొక నిర్ణయానికి వచ్చాను. మనిషి వెంట పడి లాభం లేదు, రోజుకో చోట తేలుతున్నాడు. యంత్రం మాత్రం రోజూ వచ్చేది ఒక్క చోటికే. కాబట్టి గూటి చెట్టు కిందే కాపు కాయాలి. రోడ్డు మీద కల్వర్టు దగ్గర సైకిలు పెట్టి, అడ్డదారిన గడ్డిలోంచి నడిస్తే పావుగంటలో చెట్టు దగ్గరికి చేరుకోవచ్చు. తెల్లవారేసరికి అక్కడ పొద మాటున కూచునేవాడిని. నడుం ఎత్తు గడ్డి, మంచుకి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయేది. కాసేపటికి పైన సన్నటి జుంయ్‌మనే చప్పుడు వినపడేది. అది ఎప్పుడూ పక్క నుంచే వచ్చేది, చాలా మెల్లగా. గూటి నెత్తి మీదికి ఒక్కసారి కూడా రాలేదు. తల్లి డేగ లేచి రెక్కలు విప్పితే చాలు, వెంటనే వెనక్కి తగ్గిపోయేది. ఎంత మర్యాదగా మసలుకుంటున్నాడో అనుకోవాల్సింది పోయి, ఎంత నేర్పుగా మచ్చిక చేసుకుంటున్నాడో అనుకున్నాను. ఇరవై ఆరు రోజులు ఒక్క పూట కూడా తప్పకుండా వెళ్లాను. జ్వరం వచ్చిన రోజు కూడా వెళ్లాను.

మధ్యలో ఒక ఆదివారం చెల్లెలు భోజనానికి పిలిచింది. వాళ్లింట్లో ముందు గదే అతని ఆఫీసు. బల్ల మీద కంప్యూటరు, గోడకి బ్యాటరీలు ఛార్జింగుకి పెట్టే అర, మూలన పెళ్లి ఆల్బముల కట్ట. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అతను ఉలిక్కిపడి తెర మీది బొమ్మ మూసేశాడు. ఏమిటది అన్నాను. ఏం లేదన్నాడు. భోజనం చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. చేతులు కడుక్కునేటప్పుడు నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"బావగారూ, ఆ చెట్టు దిక్కు కొన్నాళ్లు వెళ్లకండి."

"ఎందుకు?"

అతను చెల్లెలి వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "గడ్డి నలుగుతోంది."

ఒళ్లు మండిపోయింది. నా బీటులో నేనెక్కడ తిరగాలో పెళ్లి వీడియోలు తీసేవాడు చెబుతాడా అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అనేశాను. చెల్లెలు గరిటె చేత్తో అలాగే నిలబడిపోయింది. నన్ను అక్కణ్ణుంచి తప్పించాలని చూస్తున్నాడంటే రోజు దగ్గర పడిందన్నమాట. మర్నాటి నుంచి అరగంట ముందే వెళ్లడం మొదలుపెట్టాను.

ఇరవై ఏడో రోజు నేను వెళ్లేసరికి తల్లి డేగ చెట్టు చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. చెట్టు బెరడు మీద ఇనుప కొక్కేల గాట్లు కింది నుంచి పైదాకా పచ్చిగా కనబడుతున్నాయి. కింద గడ్డిలో నాలుగు చిన్న ఈకలు. నేను అంతకు ముందు అడవిలో ఏడవలేదు. ఆ రోజు చెట్టుకి ఒరిగి ఏడ్చాను. అందులో దుఃఖం సగమే, తక్కిన సగం కసి. కళ్లు తుడుచుకుని నేరుగా రేంజు ఆఫీసుకి వెళ్లాను.

మేడమ్ అంతా వింది. కలం కింద పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది.

"మీకు అనుమానమా, తెలుసా?"

"తెలుసు మేడమ్" అన్నాను.

ఆ సాయంత్రానికే పర్మిట్టు రద్దయింది. డ్రోన్‌ను సీలు వేసి ఆఫీసు ఇనుప బీరువాలో పెట్టారు. తీసిన వీడియోలన్నీ తెచ్చి ఇమ్మని మేడమ్ అడిగితే, చెరిపేశానన్నాడు తూనీగ. ఎందుకు చెరిపావంటే నేల చూపులు చూశాడు. దొంగ తప్ప అలా ఎవడు చేస్తాడని నాకు లోలోపల పండగలా ఉంది. సినిమా కంపెనీవాళ్లు మూడో రోజు ఫోను చేసి, నీ సంగతి తేలేదాకా మా పేరు ఎక్కడా ఎత్తొద్దన్నారు. అతను పాత షాపుకే వెళ్లి మళ్లీ పని అడిగాడు. లైటు పట్టుకునే పని ఉందన్నారట.

మా చెల్లెలు ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన రోజూ చీకటితో లేచి, ఒళ్లంతా బ్యాటరీలు కట్టుకుని, ఆ పిల్లలు ఇవాళ కళ్లు తెరిచాయి, ఇవాళ నిలబడ్డాయి అని తనకొచ్చి చెప్పేవాడంది. అవి పోయిన రోజు అన్నం ముట్టలేదంది. వెళ్లేటప్పుడు నెమ్మదిగా ఒక మాట అంది. "నువ్వు పట్టుకున్నది దొంగని కాదు అన్నయ్యా, దొరికినవాణ్ణి." భర్తను వెనకేసుకు రావడం భార్యకి మామూలే కదా అని సరిపెట్టుకున్నాను.

పదకొండు రోజులకు అసలు దొంగ దొరికాడు. వేరే రోడ్డు మీది చెక్‌పోస్టులో కూరగాయల వ్యాను ఆపితే, క్యాబేజీల కింద బుట్టలో ఒక డేగ పిల్ల ప్రాణాలతో ఉంది. రెండోది దారిలోనే చచ్చిపోయిందట. మరో నాలుగు రోజులకు వాడి వాంగ్మూలం కాగితం మా ఆఫీసుకి వచ్చింది. మేడమ్ నన్ను పిలిపించి చదివి వినిపించింది. తూనీగ పేరు ఏ లైనులో వస్తుందా అని నేను ముందుకు వంగి కూచున్నాను. గూడు ఎక్కడుందో నీకు చెప్పిందెవరు అన్న ప్రశ్న దగ్గర ఆమె కాస్త ఆగి చదివింది.

"నాకెవరూ చెప్పలేదు. కల్వర్టు దగ్గర టైరు పంక్చరైతే దిగాను. గడ్డిలో కొత్తగా పడ్డ బాట కనబడింది. ఊరు లేదు, చేను లేదు, ఈ బాట ఎక్కడికి పోతుందా అని నడిచాను. ఒక చెట్టు దగ్గర ఆగిపోయింది. పైకి చూశాను."

బయటికి వచ్చి సైకిలెక్కి కల్వర్టు దాకా ఎలా తొక్కానో తెలియదు. రెండు వానలు పడి కూడా బాట చెరగలేదు. గడ్డి రెండు వైపులా పడుకుని, నడుమ మట్టి తేలి, తాడు పరిచినంత సూటిగా చెట్టు దాకా పోయింది. కొత్తగా చేరిన గార్డులకు మొదటి రోజు నేను నేర్పే పాఠం ఒకటుంది. గూటి దగ్గరికి నేరుగా పోకూడదు, దాని పక్కనుంచి దాటిపోవాలి. ఆగకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. ముప్ఫై మూడేళ్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇరవై ఆరు రోజులు ఆకాశంలో దొంగ కోసం చూస్తూ, నా కాళ్లు ఏం చేస్తున్నాయో ఒక్కసారి కిందికి చూసుకోలేదు. అతను రోజుకో చోటు ఎందుకు మార్చాడో అక్కడ నిలబడి ఉండగా తెలిసింది.

మళ్లీ మేడమ్ దగ్గరికి వెళ్లి, ఆ బాట నాదన్నాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. అలా చూడడమే కదా నా ఉద్యోగం. పదిహేను రోజుల క్రితం అతనే దొంగ అని మీరే గట్టిగా చెప్పారు, ఇప్పుడు తప్పు మీదంటున్నారు, చెల్లెలి కాపురం కోసం నెత్తిన వేసుకుంటున్నారా అని అడిగింది. కాదన్నాను. ఆ బాట అతను వేసింది కాదని ఏమిటి రుజువు అంది. అడుగులు వానకి పోయాయి, నన్ను అక్కడ చూసిన మనిషి లేడు. రుజువు తెస్తే పర్మిట్టు తిరిగి ఇస్తానంది, లేకపోతే అతని పేరు నల్ల జాబితాకి పంపక తప్పదంది. అక్కడికి పేరు చేరిందంటే ఇక ఏ అడవిలోనూ అతను డ్రోన్ ఎగరేయలేడు. నన్ను ఎవరూ నమ్మకపోవడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

నన్ను అక్కడ చూసింది ఒక్క డ్రోనే, దాని వీడియో అతను చెరిపేశానంటున్నాడు.

చెల్లెలు తలుపు తీసి పక్కకు తప్పుకుంది, రమ్మనలేదు. తూనీగ ముందు గదిలో నేల మీద కూచుని లైటు స్టాండుకి స్క్రూలు బిగిస్తున్నాడు. గోడకున్న అర ఖాళీగా ఉంది. నేను నిలబడే వాంగ్మూలం సంగతి, కల్వర్టు సంగతి, మేడమ్ అన్న మాట చెప్పాను. తప్పు నాదేనన్నాను. అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. లేచి, పెళ్లి ఆల్బముల కట్టలోంచి ఒకటి లాగి, అట్ట మడతలోంచి డ్రోన్ కెమెరాది ఒక చిన్న మెమరీ కార్డు తీశాడు. చెరిపేశానన్నది అబద్ధం. ఆ సంగతి చెల్లెలికి కూడా చెప్పలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

కంప్యూటరు తెర మీద నేను కాపు మొదలుపెట్టిన మొదటి రోజు కనబడింది. అంతా పచ్చ, మధ్యలో చెట్టు, గూట్లో తెల్లటి పిల్లలు రెండు. ఆరో రోజుకి పచ్చలో సన్నటి గీత పడింది. పదో రోజుకి అది ముదిరింది. ఇరవయ్యో రోజుకి ఎంత ఎత్తు నుంచి చూసినా చెట్టు కంటే ముందు ఆ బాటే కంటికి ఆనుతోంది. దాని చివర పొదలో ప్రతి రోజూ ఒక ఖాకీ టోపీ. ఒక బొమ్మలో టోపీ వెనక్కి వాలి, నా మొహం పైకి తిరిగి ఉంది. నోరు తెరుచుకుని, కళ్లు చిట్లించి, ఎవరినో కొరికేసేలా ఉన్నాను. నన్ను నేను అలా ఎప్పుడూ చూసుకోలేదు.

"ఇది ఆ రోజే మేడమ్‌కి చూపిస్తే నీ పని నిలబడేది" అన్నాను.

"మీ ఉద్యోగం పోయేది. ఇంకా పద్నాలుగు నెలలే కదా మీకు. నా పర్మిట్టుదేముంది, ఎక్కడో మళ్లీ అడుక్కోవచ్చనుకున్నాను."

"పోనీ నాకైనా చూపించకపోయావా? మనమంతా కలిసి భోజనం చేసిన రోజు, ఈ గదిలోనే, ఈ బొమ్మే కదా మూసేశావు? అప్పుడు చూపిస్తే పిల్లలు దక్కేవి."

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది లేకుండా అతని మొహం చూడడం నాకదే మొదలు. పదేళ్లుగా మా ఇంటికి వస్తూ పోతూ ఉన్న మనిషి.

"చూపిస్తే నమ్మేవారా బావగారూ?"

ఆ గీత నువ్వే కంప్యూటర్లో గీశావని అనేవాడిని. నన్ను అక్కణ్ణుంచి పంపించడానికి బొమ్మలు సృష్టించావని మేడమ్‌కి రాసి ఇచ్చి ఉండేవాడిని. ఇంకో గంట ముందు వెళ్లి కూచునేవాడిని. చెల్లెలు నా వైపే చూస్తోంది.

"నమ్మేవాణ్ణి కాదు" అన్నాను.

అతను తల ఊపి, కార్డు బయటికి లాగి నా చేతిలో పెట్టాడు.